ఇయాన్ మెకెలెన్: స్టేజీ మీద గడిచిన ఆ ముప్పై ఏళ్ళు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆరేళ్ళుగా పరిషత్తుల్లో, అంటే నాటక పోటీల్లో, ఆడుతున్నారు, ఈ మధ్య ఒక వెబ్ సిరీస్ ఆడిషన్‌కి వెళ్తే "స్టేజీ యాక్టింగ్ ఎక్కువగా ఉంది, తగ్గించుకుని రండి" అని పంపేశారు. ఇంటికొచ్చాక, 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో గాండాల్ఫ్ వేసిన ఇయాన్ మెకెలెన్ కూడా నాటకాల మనిషే అని తెలిసింది. అరవై ఏళ్ళు వచ్చేదాకా ఆయన పేరు ప్రపంచానికి పెద్దగా తెలియకపోవడానికి ఆ నాటకాలే కారణమా, అంత కాలం స్టేజీ మీద ఉండటం ఆయనకి అడ్డమైందా సాయమైందా అని అడిగారు.

సాయమే అయింది. అయితే "నాటకాలాడితే నటన వచ్చేస్తుంది" అని మనవాళ్ళు చెప్పే పద్ధతిలో కాదు. మొదటి పదిహేనేళ్ళు ఆయనలోనూ మీకు చెప్పిన లోపమే ఉండేది. దాన్ని సినిమాకి వెళ్ళి దిద్దుకోలేదు, నాటకంలోనే ఉండి, ఆడే గది చిన్నది చేసుకుని దిద్దుకున్నారు. నేను చెప్పదలుచుకున్నది ఇదే, మిగతాదంతా దీనికి వివరణ.

నా సంగతి రెండు ముక్కల్లో. ఇంగ్లండు వచ్చి ఇరవై రెండేళ్ళయింది. అంతకు ముందు పదకొండేళ్ళు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పరిషత్తుల చుట్టూ తిరిగాను, నాటికలు వేశాను, రెండుసార్లు డైరెక్ట్ చేశాను. ఇక్కడికొచ్చాక మెకెలెన్‌ని స్టేజీ మీద ఐదుసార్లు చూశాను: 2007లో, 2018లో కింగ్ లియర్‌గా, 2009లో బెకెట్ నాటకం 'వెయిటింగ్ ఫర్ గోడో'లో, 2019లో ఆయన ఒక్కరే చేసిన ప్రదర్శనలో, 2024లో షేక్‌స్పియర్ లావుపాటి హాస్యపాత్ర ఫాల్‌స్టాఫ్‌గా. అంతకు ముందువి చాలావరకు రికార్డింగుల్లో చూసినవే.

ఆయన పుట్టింది 1939లో, ఉత్తర ఇంగ్లండులో లాంకషైర్ జిల్లా బర్న్‌లీ అనే ఊళ్ళో. బట్టల మిల్లుల ప్రాంతం. తండ్రి సివిల్ ఇంజనీరు, చర్చిలో ప్రసంగాలు కూడా చెప్పేవారు. పన్నెండేళ్ళప్పుడు తల్లి పోయింది. చదువు బోల్టన్‌లో. ఆ ఊళ్ళో గ్రాండ్ థియేటర్ అని ఒకటుండేది, వారం వారం వెరైటీ షోలు వచ్చేవి: పాటలు, గారడీ, జోకులు చెప్పేవాళ్ళు. ఈ కుర్రాడికి సైడ్ వింగ్‌లో నిలబడి చూసే అవకాశం దొరికింది. లోపల నీరసంగా, దగ్గుతూ కూర్చున్న మనిషి లైట్లోకి అడుగుపెట్టగానే వేరే మనిషి అయిపోవడం పక్కనుంచి చూశారు. ప్రేక్షకుడి సీట్లోంచి చూస్తే మాయ మాత్రమే కనిపిస్తుంది, వింగ్ లోంచి చూస్తే అది ఎలా తయారవుతుందో కూడా కనిపిస్తుంది. 2009లో 'గోడో' చూసినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. ఆయనా తోటి నటుడు పాట్రిక్ స్టీవర్టూ ఆ నాటకంలోని ఇద్దరు దిక్కులేని ముసలివాళ్ళని, కాలం చెల్లిపోయిన వెరైటీ జంటలా ఆడారు. టోపీ తిప్పడం, బూటు లాక్కోవడం, ఒకడి మాట మీద ఇంకొకడు పడటం, అంతా ఆ బోల్టన్ స్టేజీ మీదిదే. యాభై ఎనిమిదేళ్ళ కింద వింగ్‌లో చూసింది డెబ్భై ఏళ్ళప్పుడు పనికొచ్చింది!

కేంబ్రిడ్జిలో ఇంగ్లీషు సాహిత్యం చదవడానికి వెళ్ళి, చదువు కన్నా నాటకాలే ఎక్కువ చేశారు. తరవాత పెద్ద నటుడైన డెరెక్ జాకబీ, పెద్ద డైరెక్టర్ అయిన ట్రెవర్ నన్ అక్కడే తోటి విద్యార్థులు. లాంకషైర్ యాస అక్కడే మార్చుకున్నారు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను. యాక్టింగ్ స్కూలుకి ఆయన ఎప్పుడూ వెళ్ళలేదు. 1961లో డిగ్రీ అవగానే కవెంట్రీలో బెల్‌గ్రేడ్ థియేటర్‌లో చేరారు, తరవాత ఇప్స్‌విచ్, ఆ తరవాత నాటింగ్‌హామ్.

ఈ ఊళ్ళ థియేటర్ల పద్ధతి మీకు తెలియాలి, ఎందుకంటే మనకి లేనిది ఇదే. ఊరికి సొంత థియేటర్, అందులో జీతానికి కుదిరిన నటుల బృందం. రాత్రి ఒక నాటకం ఆడుతూ, పగలు తరవాతి నాటకానికి రిహార్సల్ చేస్తారు. రెండు మూడు వారాలకి నాటకం మారిపోతుంది. ఇవాళ రాజు, వచ్చే నెల పోలీసు, ఆ పై నెల ముసలి లాయరు. మన పరిషత్తు పద్ధతి దీనికి పూర్తిగా తిరగేసినట్టుంటుంది. మనం ఒక్క నాటిక తయారు చేసుకుని ఏడాది పొడుగునా పది ఇరవై పరిషత్తులకి తిరుగుతాం. ఎక్కడ చప్పట్లు పడతాయో ముందే తెలిసిపోతుంది, మూడో పరిషత్తు నుంచి ఆ చప్పట్ల కోసమే ఆ వాక్యం దగ్గర ఆగుతాం. నేనూ ఆగాను. నిగ్గు తేలడానికి మన పద్ధతి మంచిదే, నాకు దాని మీద చాలా గౌరవం, కానీ ఒకే వేషం, ఒకే దూరం, ఒకే రకం ప్రేక్షకులు. ఆరేళ్ళలో మీరు ఎన్ని కొత్త పాత్రలు వేశారో ఒకసారి లెక్క వేసుకోండి.

1965లో, అప్పటి మహానటుడు లారెన్స్ ఒలివియర్ నడుపుతున్న నేషనల్ థియేటర్‌లో చోటు దొరికింది. ఎవరైనా అక్కడే పాతుకుపోతారు. ఈయన ఏడాది తిరక్కుండానే బయటికొచ్చేశారు. తనలాంటి కుర్ర నటులు అక్కడ చాలామంది ఉన్నారు, పెద్ద పాత్ర రావడానికి ఎంత కాలం పడుతుందో తెలియదు. పేరున్న చోట చిన్న పాత్రలకన్నా, ఊళ్ళు తిరిగే బృందంలో పెద్ద పాత్రలే మేలనుకున్నారు.

ఆ లెక్క 1969లో ఫలించింది. ప్రాస్పెక్ట్ అనే బృందంతో స్కాట్లండులో ఎడిన్‌బరో ఉత్సవంలో షేక్‌స్పియర్ 'రిచర్డ్ ద సెకండ్', ఆయన కాలం వాడే అయిన మార్లో రాసిన 'ఎడ్వర్డ్ ద సెకండ్' రెండూ కలిపి ఆడారు. ఇద్దరూ సింహాసనం పోగొట్టుకున్న రాజులే. ఆడిన చోటు చర్చి పెద్దలు సమావేశమయ్యే అసెంబ్లీ హాలు. ఎడ్వర్డ్ నాటకంలో రాజు తన ప్రియుణ్ణి అందరి ముందూ ముద్దు పెట్టుకుంటాడు. ఊళ్ళో ఒక కౌన్సిలర్ గొడవ చేశారు, పోలీసులు వచ్చి చూసి వెళ్ళారు, టికెట్లు మాత్రం మిగల్లేదు. ఇంగ్లండులో 1967లో చట్టం మారింది కానీ స్కాట్లండులో ఇద్దరు మగవాళ్ళ మధ్య ప్రేమ ఇంకా నేరమే, 1980 దాకా నేరంగానే ఉంది. ఆ వేషం వేసిన మనిషి తనూ గే అని అప్పటికి బయట ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ రెండు నాటకాలూ బీబీసీ రికార్డు చేసింది. దొరికితే తప్పకుండా చూడండి, ముఖ్యంగా మీరు. ముప్పై ఏళ్ళ వయసు, అందమైన మనిషి, గొప్ప గొంతు. అయితే అన్నీ కనిపిస్తాయి. చెయ్యి లేస్తే అది లేచిందని మనకి తెలుస్తుంది. గొంతు పైకెళ్ళి కిందికి దిగితే, దిగిన చోట "చూశారా" అన్నట్టుంటుంది. కళ్ళు పెద్దవి చేస్తారు, వాక్యం చివర పాటలాగా సాగుతుంది. మీ ఆడిషన్‌లో వాళ్ళు "స్టేజీ యాక్టింగ్" అన్నది దీన్నే. పదిహేను వందల మంది ఉన్న హాల్లో చివరి వరుసకి అందాలంటే అలా చేయక తప్పదు, మనకి పైన వేలాడే మైకులున్నా ఆ అలవాటు పోనట్టే. అంటే మీకొచ్చిన మాట అప్పట్లో ఆయనకైనా వచ్చేది. దీనికి సిగ్గుపడక్కర్లేదు.

మధ్యలో ఒక పని చేశారు, దాని గురించి ఎవరూ పెద్దగా రాయరు కానీ నాకు చాలా ఇష్టం. 1972లో ఎడ్వర్డ్ పెథర్‌బ్రిడ్జ్ అనే నటుడితో కలిసి 'యాక్టర్స్ కంపెనీ' పెట్టారు. డైరెక్టర్ ఎవరో, నాటకం ఏదో నటులే నిర్ణయించుకుంటారు. అందరికీ ఒకే జీతం, పోస్టరు మీద అందరి పేర్లూ ఒకే సైజు. ఒక నాటకంలో హీరో వేసినవాళ్ళు తరవాతి నాటకంలో ట్రే పట్టుకుని వచ్చే కుర్రాడు వేయాలి. అప్పటికే స్టార్ అయిపోయిన మనిషి ఇది ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. పక్కన నిలబడి వినడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి ఉండదు. కెమెరాకి కావలసిన సగం పని వినడమే.

ఇక 1976. మలుపు ఇక్కడుంది కాబట్టి కాస్త ఆగి చెప్తాను.

షేక్‌స్పియర్ సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్‌లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీకి పెద్ద థియేటర్ ఉంది, దానికి కాస్త దూరంలో 'ది అదర్ ప్లేస్' అని ఒక రేకుల షెడ్డు ఉండేది. నిజంగానే రేకుల షెడ్డు. అందులో పట్టేది నూట యాభై మందికి కాస్త అటూ ఇటూ. ట్రెవర్ నన్ అందులో 'మాక్‌బెత్' చేద్దామన్నారు, రాజుని చంపి గద్దెనెక్కే సేనాని కథ. మెకెలెన్ మాక్‌బెత్, జూడీ డెంచ్ మాక్‌బెత్ భార్య పాత్ర. సెట్ లేదు, డబ్బు లేదు. నేల మీద ఒక వలయం గీశారు, చుట్టూ చెక్కపెట్టెలు వేసుకుని నటులు కూర్చున్నారు. తమ సీను వచ్చినప్పుడు వలయంలోకి వస్తారు, లేనప్పుడు బయట కూర్చుని చూస్తుంటారు. నల్లబట్టలు, తక్కువ వెలుతురు, ఇంటర్వెల్ లేదు. ప్రేక్షకులు చుట్టూ ఎంత దగ్గరగా ఉంటారంటే నటుడి ఊపిరి వినిపిస్తుంది.

అలాంటి చోట గొంతు పైకెత్తి ఎవరికి వినిపించాలి? చెయ్యి ఎవరికి చూపించాలి? పదిహేనేళ్ళుగా సంపాదించిన ఆయుధాలన్నీ ఆ షెడ్డులో పనికిరాకుండా పోయాయి. ఆయన ఏం చేశారో 1979లో టీవీలో వచ్చిన రికార్డింగులో ఇప్పటికీ చూడొచ్చు. కెమెరా ముఖం మీదే ఉంటుంది, వెనక చీకటి తప్ప ఏమీ లేదు. విందు సీనులో, మాక్‌బెత్ చంపించిన స్నేహితుడు బాంకో దయ్యం మనకి కనిపించదు. ఖాళీ స్టూలు. ఆయన కళ్ళు ఆ స్టూలు మీద నిలబడిపోతాయి, పెదవి వదులవుతుంది, నోటి చివర చొంగ. "దయ్యం ఉంది" అని మనకి చెప్పే ప్రయత్నం ఏమీ చేయరు. తను చూస్తారు, అంతే. ఆయన చూస్తున్నారు కాబట్టి మనకి ఒళ్ళు జలదరిస్తుంది. జూడీ డెంచ్ నిద్రలో నడిచే సీను చివర లోపల్నుంచి సాగదీసిన ఒక ఏడుపు ఉంది, దాన్ని నేను ఒంటరిగా రెండోసారి చూడలేకపోయాను.

ఇంకోటి గమనించండి. ఆయన షేక్‌స్పియర్ మాటల్ని తగ్గించలేదు. ఒక్క పదం మింగలేదు, పద్యం నడక చెడలేదు. చాలామంది "తగ్గించు" అంటే గొణగడం అనుకుంటారు. ఆయన గొంతు పరిమాణం తగ్గింది, ఆలోచన పరిమాణం అలాగే ఉంది. భార్య చచ్చిపోయిందని తెలిశాక మాక్‌బెత్ "రేపు, మళ్ళీ రేపు" అని సాగే ఆ మాటలు ఎలా పలకాలో ఆయన తరవాత 'యాక్టింగ్ షేక్‌స్పియర్' అనే సొంత ప్రదర్శనలో విడమరిచి చెప్పేవారు. కాలం నుంచి కొవ్వొత్తికి, కొవ్వొత్తి నుంచి నీడకి, నీడ నుంచి స్టేజీ మీద కాసేపు ఎగిరి పోయే నటుడికి, ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మ ఎలా పుడుతుందో ఆ వరసలో మనసు నడవాలంటారు. మనసు అలా నడిస్తే ముఖానికి వేరే పని పెట్టక్కర్లేదు. మన పద్యనాటకంలోనూ ఇది పూర్తిగా పనికొస్తుంది. రాగం తీసే తొందరలో పద్యంలో రెండో పాదం మొదటి పాదం లోంచి ఎందుకు పుట్టిందో మర్చిపోతాం.

ఆ వెంటనే 1978లో అదే కంపెనీ నుంచి చిన్న బృందాన్ని తీసుకుని, థియేటర్ లేని ఊళ్ళకి వెళ్ళారు. స్కూలు హాళ్ళు, వ్యాయామశాలలు. లండన్‌లో పెద్ద పేరు ఉండగా ఆ పనికి వెళ్ళారంటే, చిన్న గది రుచి ఆయనకి అప్పటికే పట్టింది.

తరవాత పదేళ్ళూ త్వరగా చెప్తాను. 1979లో 'బెంట్', నాజీ క్యాంపులో గే ఖైదీల కథ. ఒకరినొకరు ముట్టుకోకుండా, చూసుకోకుండా, కేవలం మాటలతో ప్రేమించుకునే సీను అందులో ఉంది. 1980 చివర న్యూయార్క్ బ్రాడ్‌వేలో 'అమేడియస్', మోజార్ట్‌ని చూసి అసూయపడే సంగీతకారుడు సాలియేరి పాత్ర, మరుసటి ఏడాది అమెరికా నాటకరంగంలో పెద్ద బహుమతి టోనీ అవార్డు. ఆ నాటకం 1984లో సినిమా అయినప్పుడు ఆ వేషం ఎఫ్. ముర్రే అబ్రహాంకి వెళ్ళింది, ఆయనకి ఆస్కార్ వచ్చింది. మీరు "నాటకం అడ్డమైందా" అని అడిగినప్పుడు నాకు మొదట తట్టింది ఇదే. అవును, అప్పట్లో హాలీవుడ్ ఆయన్ని సినిమా ముఖంగా చూడలేదు. కానీ 1982లో బ్రిటన్‌లో చానల్ 4 మొదలైన రోజు రాత్రే ప్రసారమైన 'వాల్టర్' అనే సినిమా ఉంది, అందులో మానసిక ఎదుగుదల లేని ఒక మనిషిగా చేశారు. మాటలు చాలా తక్కువ. గొంతుతో బతికిన నటుడు గొంతు పక్కన పెట్టేసి కెమెరా ముందు కూర్చున్నారు. కెమెరా పాఠం ఆయన ఇలాంటి చోట్ల నేర్చుకున్నారు, ఎవరూ పెద్దగా చూడని చోట.

రెండో మలుపు నటనది కాదు, జీవితానిది. 1988 జనవరిలో థాచర్ ప్రభుత్వం 'సెక్షన్ 28' అనే నిబంధన తెస్తోంది. స్థానిక సంస్థలు, వాటి కింద ఉన్న స్కూళ్ళు స్వలింగ ప్రేమని ప్రోత్సహించేలా ఏమీ చేయకూడదని దాని సారం. బీబీసీ రేడియోలో దాని మీద చర్చ జరుగుతుంటే, అవతలి వ్యక్తి 'వాళ్ళు' 'వాళ్ళు' అని మాట్లాడుతుంటే, తను కూడా వాళ్ళలో ఒకణ్ణేనని మెకెలెన్ చెప్పేశారు. వయసు నలభై ఎనిమిది. మరుసటి ఏడాది 'స్టోన్‌వాల్' అనే హక్కుల సంస్థ పెట్టినవాళ్ళలో ఆయనా ఒకరు. ఆ నిబంధన ఇంగ్లండులో 2003లో రద్దయింది.

ఇది నటనకి సంబంధం లేని విషయం అనుకోకండి. అంతకు ముందు తన నటన అంతా ఒక వేషం చాటున దాక్కోవడం లాంటిదని, బయటపడ్డాక దాచుకోవడం పోయి చూపించడం మొదలైందని ఆయనే చాలాసార్లు చెప్పారు. స్టేజీ మీద నిజంగా ఏడుపు రావడం కూడా ఆ తరవాతేనట. యాస గురించి గుర్తుపెట్టుకోమన్నాను కదా. కేంబ్రిడ్జిలో మాట తీరు దాచిన కుర్రాడు, నలభై ఎనిమిదేళ్ళ దాకా మనసు దాచిన మనిషి. అలాంటి మనిషి స్టేజీ మీద గొంతునీ చేతుల్నీ అంతగా ఎందుకు వాడతాడో అర్థమవుతుంది, అవి కవచం. పెద్ద హాల్లో కవచం కూడా అందంగానే మెరుస్తుంది. మూడడుగుల దూరంలో కెమెరా పెడితే, కవచమే కనిపిస్తుంది, మనిషి కనిపించడు. మీరు ఏం దాస్తున్నారో నాకు తెలియదు, అడగను కూడా. మన ఊళ్ళ వాళ్ళం ఆడిషన్‌కి వెళ్ళగానే మన యాస దాచేసి పుస్తకం తెలుగు మాట్లాడతాం చూడండి, అక్కడి నుంచే మొదలు పెట్టొచ్చు.

1990లో నేషనల్ థియేటర్‌లో 'రిచర్డ్ ద థర్డ్', డైరెక్టర్ రిచర్డ్ ఐర్. కథని 1930ల బ్రిటన్‌లో, అక్కడ ఫాసిస్టులు అధికారంలోకి వస్తే ఎలా ఉండేదో అలా పెట్టారు. నాటకం ఊళ్ళు, దేశాలు తిరిగింది. ఆయన కూర్చుని దాన్ని సినిమా స్క్రిప్టుగా మార్చుకున్నారు, రిచర్డ్ లాంక్రేన్ డైరెక్షన్‌లో 1995లో సినిమా వచ్చింది. మీలాంటి స్టేజీ నటుడికి ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం నాకు తెలియదు.

మొదటి ప్రసంగం ఒక్కటీ చూసి ఆపినా చాలు. అది స్వగతం, స్టేజీ మీదైతే రిచర్డ్ ఒంటరిగా వచ్చి ప్రేక్షకులతో చెప్తాడు. సినిమాలో సగం మాటలు నృత్యం జరుగుతున్న పెద్ద హాల్లో మైకు ముందు నిలబడి అందరికీ వినపడేలా రాజకీయ నాయకుడిలా అంటారు. కెమెరా నోటి దగ్గరికి వెళ్తుంది. హఠాత్తుగా మిగతా సగం మగవాళ్ళ బాత్రూంలో. అదే మనిషి, అదే ప్రసంగం, ఒంటరిగా గొణుక్కుంటున్నాడు. అద్దంలో చూసుకుంటూ మాట్లాడుతూ, ఒక్కసారి ఆ అద్దం లోంచే మనల్ని, అంటే కెమెరాని, కనిపెడతాడు. అక్కడి నుంచి మనం అతని భాగస్వాములం. పెద్ద హాలు కొలతా చిన్న గది కొలతా రెండూ ఒకే ప్రసంగంలో, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపించారు. మన నాటకంలో స్వగతం చెప్పేటప్పుడు ఎక్కడో పై గాలిలోకి చూస్తాం కదా, ఆ చూపుని ఒక్క మనిషి కళ్ళలోకి దించితే ఏమవుతుందో ఇక్కడ తెలుస్తుంది.

1998లో 'గాడ్స్ అండ్ మాన్‌స్టర్స్'. 1931 'ఫ్రాంకెన్‌స్టైన్' సినిమా తీసిన జేమ్స్ వేల్ చివరి రోజుల కథ. ఆ వేల్ కూడా ఇంగ్లండులో పేద కుటుంబంలో పుట్టి, యాస మార్చుకుని, హాలీవుడ్‌లో పెద్దమనిషిలా బతికిన గే మనిషి. మెకెలెన్ ఏం చేయకుండా కూర్చున్న సీన్లే ఎక్కువ ఆకట్టుకుంటాయి. ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అదే ఏడాది లండన్ వదిలేసి లీడ్స్ అనే ఊళ్ళో ఒక బృందంతో నెలల తరబడి చెహోవ్, షేక్‌స్పియర్ నాటకాలు ఆడారు. ఆస్కార్ పోటీలో ఉన్న మనిషి లాస్ ఏంజెలెస్‌లో ఇల్లు చూసుకోవాల్సిన టైములో!

అప్పుడు వచ్చాయి మీరు చూసినవి. 2000లో 'ఎక్స్-మెన్'లో మాగ్నెటో, 2001 నుంచి 2003 దాకా గాండాల్ఫ్. మూడు రింగ్స్ సినిమాల్లో నటనకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది ఆయన ఒక్కరికే. గాండాల్ఫ్‌లో స్టేజీ ఎక్కడుందో, షెడ్డు ఎక్కడుందో విడదీసి చూడండి. వంతెన మీద నిలబడి రాక్షసుణ్ణి ఆపే సీను ఎడిన్‌బరో నాటిది, గొంతు, కర్ర, నిలువెత్తు. కథలోని పొట్టి కుర్రాడు ఫ్రోడో ఇంట్లో టీ బల్ల దగ్గర కూర్చున్న సీన్లు 'ది అదర్ ప్లేస్' నాటివి. పైగా ఫ్రోడో చిన్నగా కనిపించాలని ఇద్దరినీ కెమెరాకి వేర్వేరు దూరాల్లో కూర్చోబెట్టి తీసిన షాట్లు చాలా ఉన్నాయి. ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తున్నట్టు మనకి కనిపిస్తుంది, నిజానికి ఆయన చూస్తున్నది ఖాళీ చోటు. ఖాళీ స్టూలు మీద దయ్యాన్ని చూసిన మనిషికి అది కొత్త కాదు.

దానికీ ఒక హద్దుంది. పదేళ్ళ తరవాత 'హాబిట్' తీసేటప్పుడు మరుగుజ్జు పాత్రలు వేసేవాళ్ళని వేరే సెట్‌లో పెట్టి, ఈయన్ని ఆకుపచ్చ తెర ముందు ఒంటరిగా నిలబెట్టారు. ఎదురుగా వాళ్ళ ఫోటోలు, ఎవరు మాట్లాడితే ఆ ఫోటో దగ్గర లైటు వెలుగుతుంది. ఆయన తట్టుకోలేక ఏడ్చేశారు, నేను నటుణ్ణి అయింది ఇందుకు కాదు అన్నారు, మైకు ఆన్‌లో ఉండటంతో యూనిట్ అంతా విన్నారు. అప్పటికి ఆయనకి యాభై ఏళ్ళ అనుభవం. ఎదుటి మనిషి ఉండాలి. లేకపోతే ఎంత పెద్ద నటుడికైనా కష్టమే. మీ ఆడిషన్‌లో ఎదుటి డైలాగులు అందించినవాళ్ళు ఫోన్ చూస్తూ చదివారని రాశారు కదా, అందులో మీ తప్పు కొంతే.

డబ్బూ పేరూ వచ్చాక ఆయన ఏం చేశారో చూస్తే అసలు ప్రేమ ఎక్కడుందో తెలుస్తుంది. మొదటి రింగ్స్ సినిమా విడుదలకి ముందు 2001లో బ్రాడ్‌వేలో హెలెన్ మిర్రెన్‌తో నాటకం. 2007లో లియర్. 2017లో మళ్ళీ లియర్, ఈసారి చిచెస్టర్‌లో సుమారు మూడొందల సీట్ల మినర్వా థియేటర్‌లో. అది మరుసటి ఏడాది లండన్‌కి వచ్చినప్పుడు చూశాను. రాజ్యం పంచే సీనులో పటాన్ని కత్తెరతో కత్తిరించి కూతుళ్ళకి ఇస్తారు. 2007లో నేను చూసిన లియర్ గొప్ప రాజు, కూలిపోతుంటే చప్పుడు వినిపించింది. 2018లో చూసింది మా తాతయ్య లాంటి ముసలాయన. ఏదో మర్చిపోయి, మర్చిపోయానని తెలిసిన క్షణంలో ముఖంలో భయం. నేను పదహారో వరుసలో కూర్చున్నాను. ఆ భయం అక్కడిదాకా వచ్చింది, ఎలా వచ్చిందో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను.

2019లో ఎనభయ్యో పుట్టినరోజుకి ఎనభై థియేటర్లలో ఒంటరి ప్రదర్శన ఇచ్చారు, వచ్చిన డబ్బు ఆయా థియేటర్లకే. గాండాల్ఫ్‌తో మొదలుపెట్టి, ప్రేక్షకుల్లోంచి ఒక పిల్లవాణ్ణి పిలిచి కత్తి పట్టుకోనిచ్చారు. రెండో సగంలో షేక్‌స్పియర్ నాటకాల పుస్తకాలు దొంతరగా పెట్టుకుని, పేర్లు చెప్పమని మనల్నే అడిగి, చెప్పినదానికల్లా ఒక జ్ఞాపకమో ఒక ప్రసంగమో ఇచ్చారు. అయిపోయాక తలుపు దగ్గర తనే బకెట్ పట్టుకుని నిలబడ్డారు. 2021లో విండ్సర్‌లో ఎనభై రెండేళ్ళకి, కుర్ర రాజకుమారుడైన హామ్లెట్ వేషం వేశారు. 2024 వేసవిలో 'ప్లేయర్ కింగ్స్'లో ఫాల్‌స్టాఫ్ వేస్తూ, పోరాటం సీనులో స్టేజీ అంచు నుంచి ముందు వరుస మీద పడిపోయారు. మణికట్టుకీ వెన్నుపూసకీ దెబ్బలు తగిలాయి, వేషం కోసం కట్టుకున్న లావు పొట్ట మెత్తలు కాపాడాయని ఆయనే చెప్పారు. నేను చూసింది అంతకు మూడు వారాల ముందు. వార్త వినగానే ఇంట్లో పెద్దవాళ్ళకి ఏదో అయినంత టెన్షన్ పడ్డాను.

ఇప్పుడు మీ సంగతి. నాటకం మానకండి. వచ్చే పరిషత్తుకి వేస్తున్న నాటికలోంచి ఒక సీను తీసుకోండి, ఇంట్లో పది మందిని కూర్చోబెట్టి, మైకు లేకుండా, వాళ్ళ మోకాళ్ళు మీకు తగిలేంత దగ్గరగా చేయండి. వారానికి ఒకసారి, రెండు నెలలు. మొదటిసారి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, అది మంచి గుర్తే. గొంతు తగ్గించండి గానీ ఆలోచన తగ్గించకండి, ఏ మాటా మింగకండి. ఈ లోపు మూడు చూడండి, ఇదే వరసలో: 1970 నాటి 'రిచర్డ్ ద సెకండ్', 1979 'మాక్‌బెత్', 1995 'రిచర్డ్ ద థర్డ్'. ఒకే మనిషి ముఖం పాతికేళ్ళలో ఎలా నిమ్మళించిందో కళ్ళకి కనిపిస్తుంది.

ఆడిషన్‌లో ఏ సీను చేశారో, కెమెరా మీకు ఎంత దూరంలో పెట్టారో, నడుము దాకా తీశారా ముఖం వరకేనా అన్నది రాయండి. వీడియో మీ దగ్గర ఉంటే ఇంకా మంచిది, చూసి ఎక్కడెక్కడ ఏం తగ్గాలో వరసగా చెప్తాను.